థీసిస్ లేని ఎమ్మెస్సీ ఎమ్మెస్సీ కాదా?



మొన్న ఒక ఆదివారం ఉదయం హోసూరు దగ్గరి ఒక పల్లె నుంచి మా బడి పూర్వ విద్యార్థిని తండ్రి మా ఇంటికి వచ్చాడు. గులాబి తోటలలో కూలిపని చేసి కూతురిని చదివించిన మనిషి. ఆ అమ్మాయి పదవ తరగతి వరకు మా దగ్గర తెలుగు మాధ్యమంలో చదివింది. ఆపైన ఆంగ్ల మాధ్యమానికి మారి, వృక్షశాస్త్రంలో బీఎస్సీ మంచి మార్కులతో పూర్తి చేసింది. ఇప్పుడు ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. ఆ విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరానికి రెండు దారులున్నవి. ఒక దారిలో కొంత పాఠం, కొంత పరిశోధన, చివర ఒక సిద్ధాంతవ్యాసం. రెండవ దారిలో సిద్ధాంతవ్యాసం ఉండదు. ఆ సంవత్సరమంతా పాఠాలు, ప్రయోగశాల, క్షేత్రపర్యటనలు, పరీక్షలు. అమ్మాయి రెండవ దారిని కోరుకొన్నది.

తండ్రి కుర్చీ అంచున కూర్చుని అడిగిన మాట ఇది: "సార్, మా పాప చేరతానంటా ఉండే దాంట్లో థీసిస్ లేదంట. అట్లా ఎమ్మెస్సీ ఉప్పు లేని కూడంట గదా సార్? మొన్న పెండ్లిలో నలుగురు చదువుకున్నోళ్ళు అదే మాట అన్నారు. రెండేండ్లు దండగ, బీఎడ్ చేయించి పెండ్లి చేసెయ్యి అంటా ఉండారు."

ఆ నలుగురు ఎవరని అడిగాను. ఇద్దరు మన వృత్తివారే. అందులో ఒకరు తెలుగు పండితులు!

అయ్యలారా, అమ్మలారా, ఈ వ్యాసం ఆ నలుగురికోసం. వారివలె ఆలోచించే మనందరికోసం కూడా. ఒక కూలివాని కూతురు రెండేళ్ళ చదువును మనం పెళ్ళిపందిట్లో, విస్తరి ముందు కూర్చుని, ఒక సామెతతో కొట్టిపారేశాము. ఆ మాట అనడానికి మనకున్న అర్హత ఏమిటో, అందులోని నిజమెంతో ఒకసారి లెక్క చూడవలసి ఉన్నది.

మొదట వస్తువు ఏమిటో తెలుసుకొందాము. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, మనం యూజీసీ అని పిలిచేది, 2024లో స్నాతకోత్తర చదువులకు ఒక కొత్త చట్రం ప్రకటించింది. మూడేళ్ళ డిగ్రీ తరువాత రెండేళ్ళ ఎమ్మెస్సీ చేసేవారికి రెండవ సంవత్సరంలో కేవలం పాఠాలు, లేదా పాఠాలతోపాటు పరిశోధన, లేదా కేవలం పరిశోధన అని మూడు మార్గాలను అందులో అంగీకరించారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని అందులో లేదు. అన్ని రాష్ట్రాలూ ఈ చట్రాన్ని ఒకే రీతిన అమలు చేయడం లేదు. కర్ణాటకలో 2024లోనే నాలుగేళ్ళ డిగ్రీని విడిచి మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకి వచ్చారు. కనుక కోలారు, చిక్కబళ్ళాపురం వైపు మన పిల్లలకు మూడేళ్ళు డిగ్రీ, రెండేళ్ళు ఎమ్మెస్సీ అన్న పాత లెక్కే ఉన్నది. ఏ రాష్ట్రంలోనైనా మాట ఒకటే: సిద్ధాంతవ్యాసం రాయకుండా పాఠాల ద్వారా పూర్తి చేసిన ఎమ్మెస్సీ కూడా సంపూర్ణమైన ఎమ్మెస్సీయే. పట్టా మీద ఉప్పు తక్కువైనదని ఎవరూ ముద్ర వేయరు.

"పట్టా సరే, పీహెచ్‌డీకి తలుపు మూసుకుపోదా?" అని మీరు అడుగుతారు. మూసుకుపోదు. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలలో రెండేళ్ళ స్నాతకోత్తర పట్టా పొందినవారికి అడిగినది 55 శాతం మార్కులు. రిజర్వేషన్ వర్గాలవారికి అందులో 5 శాతం సడలింపు. ఎమ్మెస్సీలో థీసిస్ రాసి ఉండవలెనన్న షరతు అందులో లేదు. ఇంకొక వింత చూడండి. పీహెచ్‌డీలో చేరినవారికి సైతం మొదట కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు తప్పనిసరి. పరిశోధనకు వెళ్ళినవారిని కూడా ముందు పాఠంలో కూర్చోబెట్టే దేశంలో, పాఠం చదివిన పిల్లను ఎగతాళి చేయడం మనకే చెల్లింది.

అయితే అసలు సంగతి నిబంధనలలో లేదు. మన మనసులలో ఉన్నది. జీవశాస్త్రం పట్ల మన ఇళ్ళలో ఒక పాత వ్యాధి ఉన్నది. పదకొండవ తరగతిలో జీవశాస్త్రం తీసుకున్న పిల్లను చూడగానే "డాక్టరా?" అంటాము. 2025లో నీట్ పరీక్ష రాసినవారు 22 లక్షలకు పైగా. దేశంలోని ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఈ లెక్క ఏ కిరాణా కొట్టు యజమానికైనా అర్థమవుతుంది, మనకు మాత్రం అర్థం కాదు. పైగా నీట్ 13 భాషలలో ఉన్నా, తెలుగు ప్రశ్నపత్రం కావాలంటే తెలుగు రాష్ట్రాలలోని కేంద్రాన్ని ఎంచుకోవాలి; హోసూరు కేంద్రంలో కూర్చున్న మన పిల్లకు అది అందదు. సీటు రాని పిల్ల బీఎస్సీలో చేరితే "పాపం" అంటాము. బీఎస్సీ ముగించి ఎమ్మెస్సీకి వెళ్తే "థీసిస్ ఉందా?" అంటాము. అంటే మన దృష్టిలో జీవశాస్త్రం చదివేవాళ్ళు వైద్యులైనా కావాలి, శాస్త్రవేత్తలైనా కావాలి. ఆ రెండింటి నడుమ ఉన్న విశాలమైన భూమిలో ఎవరూ బతకకూడదు. ఆ నడుమ భూమిలోనే మన బడులున్నవని మరచిపోయాము.

ఇక థీసిస్ మహిమ గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. నేను చూసినవి చెబుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం మా బంధువుల అబ్బాయి ఒకడు ఎమ్మెస్సీ చివరి సెమిస్టరులో ఉండగా నా సహాయం కోరాడు. సహాయమంటే తప్పులు దిద్దడం కాదు, డబ్బు. వాడి కళాశాలలో ప్రాజెక్టు చేయించే వసతి లేదు. అందుచేత పట్నంలో ఒక ప్రైవేటు ప్రాజెక్టు సెంటరుకు వెళ్ళాలి. అక్కడ ధరల పట్టిక ఉన్నది, హోటల్లో ఇడ్లీ, దోసె ధరలు రాసినట్లు. ఏ పద్ధతికి ఎంత, ఎన్ని వారాలకు ఎంత, రాసి ఇవ్వడానికి అదనంగా ఎంత. వాడు ఎంచుకున్నది తులసి ఆకు. ఆకును నీడలో ఎండబెట్టి, పొడిచేసి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని అగార్ పళ్ళెంలో చిన్న గుంటలు చేసి పోస్తారు. మరునాడు బాక్టీరియా పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలుస్తారు. నిజానికి ఇది చక్కని అభ్యాసం. ఒక మధ్యాహ్నపు ప్రయోగశాల తరగతిలో నేర్పదగినది. దానిని ఆరు నెలల పరిశోధన అన్నారు. వాడు ఆ సెంటరుకు వెళ్ళినది మూడు వారాలు. పళ్ళెంలో సారం పోసినది అక్కడి ఉద్యోగి. వీడు ఫోటో తీసుకొన్నాడు. ఉపోద్ఘాతం నిరుటి విద్యార్థి రాసినదే, తులసి చోట ఇంతకుముందు వేప ఉండేది. నాకు ఎట్లా తెలిసినదంటారా? ఒకచోట వేప మిగిలిపోయింది.

నల్లటి అట్ట, బంగారు అక్షరాలు, నాలుగు ప్రతులు. వాళ్ళమ్మ దానిని దేవుని గదిలో పెట్టి పసుపు కుంకుమ చల్లింది. ఆ తల్లి భక్తిని నేను తప్పు పట్టను. ఆ భక్తిని సొమ్ము చేసుకున్నవారిని, అది తెలిసీ సంతకం పెట్టిన గురువులను తప్పు పడతాను. ఆ పుస్తకం చేతిలో ఉన్న కుర్రవాడిని "ఈ వలయాల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా? ఏ పరీక్షతో తేలుస్తావు?" అని అడిగితే నోరు తెరవలేదు. గణాంకశాస్త్రం వాడి పాఠ్యప్రణాళికలో ఉన్నది. కానీ ప్రాజెక్టు పేరుతో ఆ సెమిస్టరులో తరగతులే సరిగా జరగలేదు.

ఆ నలుగురు చదువుకున్నవారు ఉప్పు అన్నది దీనినేనా?

అన్ని థీసిస్‌లూ ఇటువంటివని నేను అనడం లేదు. మంచి ప్రయోగశాల, నిధులు, వారానికి ఒకసారైనా విద్యార్థితో కూర్చునే మార్గదర్శి ఉన్నచోట పరిశోధన కంటే గొప్ప గురువు లేదు. అటువంటి చోట సీటు వచ్చిన పిల్లకు, పరిశోధన మీదనే మనసున్న పిల్లకు నేనే దగ్గరుండి థీసిస్ దారి చూపిస్తాను. మంచి పరిశోధనాలయాలలో ముఖాముఖికి వెళ్ళినపుడు ప్రయోగానుభవం గురించి అడుగుతారన్నది కూడా నిజమే. ఆ లోటు తీర్చుకొనే మార్గం వేరే ఉన్నది. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ప్రతి సంవత్సరం వేసవి పరిశోధనా ఫెలోషిప్పులు ఇస్తున్నవి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలలో పని చేయవచ్చు, భత్యం కూడా ఇస్తారు. అది విద్యార్థులకే కాదు, ఉపాధ్యాయులకు కూడా తెరిచి ఉన్నది. మనలో ఎందరికి తెలుసు? కొన్న థీసిస్‌కు ఖర్చయ్యే డబ్బు ఇందులో అక్కరలేదు.

పాఠాల ఎమ్మెస్సీ మన పిల్లలకు ప్రత్యేకంగా ఎందుకు తగినదో చెబుతాను. మన పిల్లలంటే, తెలుగు నేల అవతల తెలుగు బడిలో చదువుకున్న పిల్లలు. ఈ అమ్మాయినే చూడండి. ఇంట్లో హోసూరు తెలుగు. బడిలో పుస్తకాల తెలుగు. 2006 నాటి చట్టంతో తమిళనాడులో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది కనుక తమిళం. ఆంగ్లం ఎట్లాగూ ఉన్నది. పదకొండవ తరగతిలో అడుగుపెట్టిన రోజున జీవశాస్త్రం ఒక్కసారిగా ఆంగ్లమైపోయింది. నిన్నటి వరకు పత్రహరితం అన్నది ఈనాడు క్లోరోఫిల్. ఆ కుదుపులో ఆ అమ్మాయికి చాలా పాఠాలు సగం సగమే అర్థమైనవి. బీఎస్సీలో వల్లెవేసి గట్టెక్కింది. ఈ మాట తానే నాతో చెప్పింది, సిగ్గుపడకుండా. అటువంటి పిల్లకు ఇప్పుడు కావలసినది ఏమిటి? ఒక చిన్న ప్రశ్న మీద ఒంటరిగా ఆరు నెలలు కూర్చోవడమా? కణం నుంచి అడవి వరకు మొత్తం శాస్త్రాన్ని ఇంకొకసారి, ఈసారి నిదానంగా, చేతులతో ముట్టుకొని చదవడమా?

సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జీవశాస్త్రాల పాఠ్యప్రణాళిక చూడండి. 13 విభాగాలు. అణువులు, కణనిర్మాణం, పిండాభివృద్ధి, వృక్షశరీరధర్మం, జంతుశరీరధర్మం, అనువంశికత, జీవవైవిధ్యం, ఆవరణశాస్త్రం, పరిణామం, చివరకు ప్రయోగ పద్ధతులు. 200 మార్కుల పరీక్ష, తప్పు సమాధానానికి మార్కులు కోస్తారు, ప్రశ్నపత్రం ఆంగ్లంలోనూ హిందీలోనూ మాత్రమే. కళాశాల అధ్యాపకులు కావడానికీ, పరిశోధనా భత్యానికీ ఇది ద్వారం. 2024 నుంచి నెట్‌లో అర్హత పొందినవారికి పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా ఆ మార్కులు పనికివస్తున్నవి. ఈ 13 విభాగాలలో తులసి సారం ఎక్కడ ఉన్నదో వెతకండి. విస్తృతమైన పాఠం చదివిన పిల్ల ఈ పరీక్షకు సగం దారి ముందే నడిచి ఉంటుంది.

ఇప్పుడు మన తెలుగు సంగతి. ఆంగ్లంలో కణవిభజనలకు రెండు పేర్లు: మైటాసిస్, మియాసిస్. రెండూ కవల పిల్లల వలె ఉంటవి. ఆంగ్ల మాధ్యమంలో పుట్టిపెరిగిన పిల్లలు సైతం పరీక్షలో ఒకదానికి ఇంకొకటి రాసివస్తారు. మా అమ్మాయి ఎన్నడూ తడబడలేదు. ఎందుకంటే ఆమెకు తొమ్మిదవ తరగతి నుంచి సమవిభజన, క్షయకరణ విభజన తెలుసు. ఒకదానిలో క్రోమోజోముల సంఖ్య సమంగా నిలుస్తుంది, రెండవదానిలో సగానికి క్షీణిస్తుంది. పేరులోనే పాఠమున్నది. హైదరాబాదులో 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో అచ్చువేసినపుడు పండితులు కూర్చుని స్థిరపరచిన పారిభాషిక పదాలను చూసి మనం నవ్వుకొన్నాము. కిరణజన్య సంయోగక్రియ అనడానికి నోరు తిరగదని హాస్యాలాడాము. నోరు తిరగనిది మనకే. పిల్లలు హాయిగా పలుకుతారు. ఫోటోసింథసిస్ మాత్రం పుట్టుకతోనే నోరు తిరుగుతుందా?

తప్పు మనది. తొమ్మిది, పది తరగతులలో తెలుగు పదం పక్కనే ఆంగ్ల పదాన్ని తెలుగు లిపిలోనైనా రాయించి ఉంటే ఆ కుదుపు ఉండేది కాదు. భాషాభిమానం పేరిట ఆంగ్ల పదాన్ని బడి గడప తొక్కనీయలేదు మనలో కొందరు. ఇంకొందరు తెలుగు పదాన్నే పారవేశారు. రెండు పదాలూ పక్కపక్కన ఉంచడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

చెట్ల పేర్ల విషయం అంతకంటే గొప్పది. సరిహద్దు పిల్లకు ఒక్కొక్క చెట్టు రెండు మూడు పేర్లతో పరిచయం. మన వేప తమిళంలో వేంబు, కన్నడంలో బేవు. మన నేరేడు తమిళంలో నావల్, కన్నడంలో నేరళె. ఒకే చెట్టుకు ఊరూరా పేరు మారుతుందనీ, అందుకే అందరికీ ఒకే పేరు కావలసి వచ్చిందనీ వర్గీకరణశాస్త్రం మొదటి పాఠంలో చెబుతారు. 1753లో లిన్నేయస్ స్థిరపరచిన రెండు పదాల నామకరణం ఎందుకు అవసరమో ఒకే భాష తెలిసిన పిల్లకు వివరించాలి. మన పిల్లకు వివరించనక్కరలేదు, ఆమె బతుకే ఆ పాఠం. జె. ఎస్. గాంబుల్ 1915లో మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథాన్ని ఆయన మరణానంతరం ఫిషర్ 1936లో పూర్తి చేశాడు. దక్షిణాదిలో ఎమ్మెస్సీ వృక్షశాస్త్ర విద్యార్థి మొక్కను గుర్తించడానికి నేటికీ తెరిచే గ్రంథమది. శాస్త్రీయ నామాల పక్కన దేశీయ నామాలు కూడా, తెలుగుతో సహా, అందులో కనిపిస్తవి. ఆ రాజధానిలో గంజాం నుంచి హోసూరు దాకా మన ఊళ్ళన్నీ ఒకటిగా ఉండేవి. గ్రంథం పూర్తయిన 1936లోనే గంజాం ఒడిశాకు వెళ్ళింది. మనుషులను విడదీశారు, పుస్తకంలో మొక్కలు మాత్రం ఇంకా కలిసే ఉన్నవి.

యానాంలో ఉన్న మిత్రులు ఇంకా అదృష్టవంతులు. సముద్రంలో ఉన్నపుడు విలస, గోదావరి వరద నీటికి ఎదురీది వచ్చినపుడు పులస అని ఒకే చేపకు రెండు పేర్లు పెట్టిన జాలరి, ఆ వలస సంగతి ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే చెప్పాడు. కోరంగి మడ అడవులు అక్కడికి దగ్గర. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాల పిల్లలు ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూస్తూ పెరిగినవారు. శిడ్లఘట్ట వైపు పిల్లలకు పట్టుపురుగు నాలుగు నిద్రలు పోతుందని, అయిదవ దశలో అన్నిటికంటే ఎక్కువ ఆకు తింటుందని పుస్తకం చెప్పనక్కరలేదు. షోలాపూరువారికి నాన్నజ్‌లో బట్టమేకపిట్టల అభయారణ్యం ఉన్నది. ఇంత జీవశాస్త్రం ఇంటి ముందు పెట్టుకొని, దానిని పద్ధతిగా చదవడానికి ఒక పిల్ల రెండేళ్ళు అడిగితే దండగ అంటున్నాము!

ప్రయోగశాల మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. ఎమ్మెస్సీ జీవరసాయనశాస్త్ర ప్రయోగాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉన్నది. ద్రావణం నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో చదివి, హార్వర్డుకు వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావే. పద్ధతి ప్రకటించినది 1925లో. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో ఆ పేరు రికార్డు పుస్తకంలో రాసుకొంటున్నారు. అది తెలుగు పేరని మన పిల్లలకు చెప్పవలసినవారు ఎవరు? పాఠాల ఎమ్మెస్సీ అంటే ఉపన్యాసాలు వినడమే అనుకొంటున్న పెద్దలు ఒకసారి ఆ రికార్డు పుస్తకం తిప్పి చూస్తే బాగుండును.

ఇక్కడ నేను కూడా ఒక హెచ్చరిక చేయాలి, లేకపోతే నా మాట పట్టుకొని ఎవరో మోసపోతారు. పాఠాల ఎమ్మెస్సీ వేరు, ప్రయోగశాల లేని ఎమ్మెస్సీ వేరు. ఇంట్లో కూర్చుని పుస్తకం చదివి పరీక్ష రాస్తే చాలునంటూ జీవశాస్త్రంలో పట్టా అమ్మేవారి దగ్గరకు పంపకండి. చేరకముందు తండ్రో, అన్నో, మనలో ఒకరో ఆ విభాగానికి వెళ్ళి చూడాలి. వారానికి ఎన్ని గంటల ప్రయోగాలు? సూక్ష్మదర్శినులు పని చేస్తున్నవా, బీరువాలో ఉన్నవా? నిరుడు క్షేత్రపర్యటనకు ఎక్కడికి వెళ్ళారు? రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకరిని పక్కకు పిలిచి అడిగితే పది నిమిషాలలో తేలిపోతుంది. అధికారుల మాట కంటే ఆ పిల్లల మాట నమ్మండి.

ఉపాధ్యాయ వృత్తి లక్ష్యమైతే ఇంకొకటి ముందే చూడాలి. పెద్ద తరగతులకు బోధించాలంటే ఎమ్మెస్సీతోపాటు బీఎడ్ కావాలి. ఏ శాఖలో ఎమ్మెస్సీ అన్నది ముఖ్యం. కేంద్రీయ విద్యాలయాల జీవశాస్త్ర అధ్యాపక పదవికి జన్యుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, బయోటెక్నాలజీ వంటి శాఖలవారు డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివి ఉంటేనే అర్హులు. రాష్ట్రాల నియమాలు వేరువేరు. పేరు కొత్తగా, మెరిసేదిగా ఉన్నదని చేరి, ఆ తరువాత సమానత్వ ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగినవారిని నేనెరుగుదును. ఈ అమ్మాయి నేరుగా వృక్షశాస్త్రమే ఎంచుకొన్నది. పెళ్ళిపందిట్లో ఉన్నవారికంటే తెలివైనది.

విదేశాల విషయం ఒక్క మాటలో. అమెరికా, కెనడాలలో కూడా థీసిస్ లేని మాస్టర్స్ ఉన్నవి, అక్కడ వాటిని ఎవరూ చిన్నచూపు చూడరు. కానీ అక్కడ బోధనా సహాయకులుగానో, పరిశోధనా సహాయకులుగానో జీతమిచ్చి చదివించడం ఎక్కువగా థీసిస్ దారివారికే. పాఠాల దారిలో ఖర్చంతా మనదే. ఇల్లు తాకట్టు పెట్టి జీవశాస్త్రంలో అటువంటి చదువుకు పంపమని ఏజెంటు చెబితే, ఆ ఏజెంటుకు వచ్చే కమిషను ఎంతో ముందు అడగండి.

ఇప్పుడు మళ్ళీ మా ఊరికి వస్తాను. మా వైపు తెలుగు మాధ్యమ బడులలో జీవశాస్త్రం ఎవరు చెబుతున్నారో మీకు తెలుసు. చాలాచోట్ల తెలుగు రాని జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, లేదా జీవశాస్త్రం రాని తెలుగు ఉపాధ్యాయుడు. రెండవ కోవలో నేను కూడా ఉన్నాను. ఒక సంవత్సరం పోస్టు ఖాళీగా ఉండగా ఎనిమిదవ తరగతికి నేనే పాఠం చెప్పాను. కణజాలం అన్న పదానికి వ్యుత్పత్తి అద్భుతంగా చెప్పగలిగాను. కణజాలం చూపించమని ఒక పిల్లవాడు అడిగితే ఉల్లిపొర ఎట్లా తీయాలో, దానికి రంగు ఎట్లా అద్దాలో నాకు తెలియలేదు. పక్క బెంచీలో కూర్చున్న ఆ అమ్మాయి లేచి, అంతకుముందు సంవత్సరపు సార్ చేసినది గుర్తు తెచ్చుకొని, గోటితో ఉల్లిపొర తీసి గాజు పలక మీద పరిచింది. రంగు లేక సిరా వాడింది. ఇప్పుడు తండ్రి తీసుకొచ్చిన సీటు ఆ అమ్మాయిదే.

మన బడులకు కావలసినది ఎవరో చెప్పండి. పీహెచ్‌డీ చేసి బెంగుళూరులో స్థిరపడే శాస్త్రవేత్తా? వారు కూడా కావాలి, వారికి నమస్కారం. కానీ రేపు ఉదయం ప్రార్థన తరువాత ఎనిమిదవ తరగతిలోకి వెళ్ళి, ఉల్లిపొరను తీసి, తెలుగులో పేరు చెప్పి, ఆంగ్లంలో పేరు చెప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టగలిగిన మనిషి ఈ రెండేళ్ళ పాఠాల నుంచే రావాలి. పోస్టులు ఖాళీ అని మహజర్ల మీద మహజర్లు పంపుతున్నాము. నింపడానికి మనుషులేరని అధికారులు అడిగితే చూపడానికి మన దగ్గర ఎవరున్నారు? తయారవుతానన్న ఒకే ఒక్క పిల్లను పెళ్ళిపందిట్లోనే వెనక్కి పంపుతున్నాము.

బీఎడ్ చేయించి పెళ్ళి చేయమన్నారు. ఒట్టి బీఎస్సీ, బీఎడ్‌తో పదవ తరగతి దగ్గర ఆగవలసిందే. పదకొండు, పన్నెండు తరగతులకు ఎమ్మెస్సీ లేనిదే పంపరు. మన పిల్లలకు కుదుపు తగిలేది సరిగ్గా పదకొండవ తరగతిలో. అక్కడ తెలుగు తెలిసిన జీవశాస్త్ర అధ్యాపకురాలు ఒకరుంటే ఏమవుతుందో మనం ఇంకా చూడలేదు. పెళ్ళి సంగతి ఆ తండ్రీ కూతుళ్ళు చూసుకొంటారు, దానికి విశ్వవిద్యాలయం అడ్డు రాదు.

తండ్రికి ఇదంతా ఇంత పొడవుగా చెప్పలేదు. ఆయనకు పనికి వేళవుతున్నది. "చేర్చండి. అమ్మాయి ఎంచుకొన్న దారి మంచిది. నేను వచ్చి విభాగం చూస్తాను" అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "అయితే ఆ పెద్దోళ్ళకు మీరే ఒక మాట చెప్పండి సార్. నేను చెప్తే వినరు" అన్నాడు.

అందుకే ఈ వ్యాసం. ఫీజు కట్టడానికి చివరి తేదీ వచ్చే శుక్రవారం. గురువారం నేనూ, ఆ అమ్మాయీ వెళ్ళి విభాగం చూసి వస్తాము. పెళ్ళిలో ఆ మాట అన్న ఉపాధ్యాయులిద్దరినీ కూడా రమ్మని పిలిచాను. బస్సు హోసూరు బస్టాండులో ఉదయం ఆరున్నరకు.